విలియం రూఫస్: దేవుడు లేడన్నాడా, దేవుడితో తగవు పెట్టుకున్నాడా?

1100 ఆగస్టు 2న ఇంగ్లండు రాజు రెండో విలియం న్యూ ఫారెస్ట్ అడవిలో వేటాడుతూ బాణం తగిలి చనిపోయాడు. 1066లో ఇంగ్లండుని గెలిచిన నార్మన్ల (ఫ్రాన్సులోని నార్మండీవాళ్ళు) రాజుల్లో ఆయన రెండోవాడు. ఎర్రటి మొహం వల్ల రూఫస్ అనే పేరు వచ్చిందంటారు. ఆయన పోయిన ఏడాది గురించి 'ఆంగ్లో శాక్సన్ చరిత్ర' అనే ఏటేటి సంగతుల గ్రంథంలో సన్యాసులు రాసిన మాటలు కటువుగా ఉంటాయి: ప్రజల్లో దాదాపు ఎవరికీ గిట్టనివాడు, దేవుడికి అసహ్యమైనవాడు, పశ్చాత్తాపపడకుండా పాపంలో ఉండగానే పోయాడు. తర్వాతివాళ్ళు దీనికి చిలవలు పలవలు చేర్చారు. కొందరు నాస్తికుడన్నారు. 20వ శతాబ్దంలో మార్గరెట్ ముర్రే అనే పరిశోధకురాలు అయితే ఆయన రహస్యంగా పాత అన్యమతాన్ని పాటించేవాడనీ, అడవిలో ఆ చావు ఆ మతం కోరిన బలి అనీ రాశారు. చరిత్రకారులు దాన్ని ఎప్పుడో కొట్టిపారేశారు. ఆధారం లేకపోయినా ఆ కథ మాత్రం ఇంకా తిరుగుతూనే ఉంది.

అసలు ఆయన నమ్మకం గురించి మనకు తెలిసింది ఎంత? తీగ లాగితే నలుగురైదుగురు రచయితలు తేలతారు. కాంటర్‌బరీ మఠంలోని ఈడ్మర్, మామ్స్‌బరీ మఠంలోని విలియం, నార్మండీలో సెయింట్ ఎవ్రూల్ మఠంలోని ఆర్డెరిక్ విటాలిస్, ఆంగ్లో శాక్సన్ చరిత్ర రాసిన పేరు తెలియని సన్యాసులు. అందరూ మఠాలవాళ్ళే. వీళ్ళలో ఈడ్మర్ రాజుతో ఏళ్ళ తరబడి గొడవపడిన కాంటర్‌బరీ ఆర్చిబిషప్ (ఇంగ్లండు చర్చికి పెద్ద) ఆన్సెల్మ్‌కి నీడలా తిరిగినవాడు. అంటే మన ముఖ్య సాక్షి ఫిర్యాదుదారు తరఫువాడు. అలాగని అబద్ధాలకోరు అని తోసేయడానికీ లేదు. ఈ సన్యాసులు ఎంత వివరంగా రాశారంటే, జాగ్రత్తగా చదివితే వాళ్ళు చెప్పిన సంగతులే వాళ్ళు ఇచ్చిన తీర్పుకి అడ్డం వస్తాయి.

ముందు డబ్బు సంగతి చూడాలి. అది లేకుండా ఈ కథ అర్థం కాదు.

ఆ రోజుల్లో ఒక బిషప్ కింద ఊళ్ళకు ఊళ్ళు, పొలాలు, అడవులు, మరలు ఉండేవి. మిగతా దొరల్లాగే ఆయనా ఆ భూముల్ని రాజు కింద అనుభవించేవాడు. బిషప్ చనిపోతే కొత్తవాడు వచ్చేదాకా ఆ మాన్యాల రాబడి రాజు చేతికి వెళుతుంది. ఇందులో ఉన్న లాభాన్ని రూఫస్ బాగా పట్టుకున్నాడు. కొత్తవాణ్ణి వేయకపోతే సరి! 1089 మేలో కాంటర్‌బరీ ఆర్చిబిషప్ లాన్‌ఫ్రాంక్ చనిపోయాడు. దాదాపు నాలుగేళ్ళు ఆ పీఠం ఖాళీ. లెక్కలు చూసుకున్నది రానల్ఫ్ ఫ్లాంబార్డ్. ఆయనా చర్చి మనిషే, చివరికి డరమ్ బిషప్ కూడా అయ్యాడు. రాజు చనిపోయిన రోజున కాంటర్‌బరీ ఆర్చిబిషప్ పీఠం, వించెస్టర్, సాల్స్‌బరీ బిషప్ పీఠాలు, 11 మఠాలు ఆయన చేతిలోనే ఉన్నాయనీ, అన్నిటినీ గుత్తకి ఇచ్చాడనీ ఆంగ్లో శాక్సన్ చరిత్ర చెబుతోంది. మఠంలో ఉన్నవాడికి ఇది సిద్ధాంతాల గొడవ కాదు. వంటింట్లోకి వచ్చే ధాన్యం, దీపాలకి వచ్చే నూనె ఆ భూముల నుంచే వచ్చేవి.

1096లో ఇంకో దెబ్బ పడింది. మొదటి క్రూసేడుకి (జెరూసలేము కోసం క్రైస్తవులు చేసిన యుద్ధయాత్ర) వెళ్ళాలని రాజు అన్న రాబర్ట్ తన నార్మండీని 10,000 మార్కులకి (మార్కు అప్పటి నగదు లెక్క) తమ్ముడికి తాకట్టు పెట్టాడు. ఆ సొమ్ము పోగేయడానికి రాజు దేశమంతటా పన్ను వేశాడు. చర్చిలవాళ్ళు మా దగ్గర లేదు మొర్రో అంటే, 'బంగారంతో, వెండితో చేసిన పెట్టెల నిండా చచ్చినవాళ్ళ ఎముకలు పెట్టుకున్నారు కదా' అని జవాబు వచ్చిందట. పరిశుద్ధుల అస్థికలుంచిన పెట్టెలవి. సువార్త పుస్తకాల అట్టల మీది వెండి కూడా ఒలిచారు. ఒక సన్యాసి చెవికి ఇంతకన్నా పచ్చి దైవదూషణ ఉండదు. కానీ ఆ డబ్బు ఎవరికి వెళ్ళింది? జెరూసలేముకి బయల్దేరిన క్రైస్తవ సైన్యానికి.

ఇక 1093 సంగతి. రూఫస్ మనసులో దేవుడు ఎక్కడున్నాడో తెలుసుకోవాలంటే నా మటుకు ఇదే అన్నిటికన్నా ముఖ్యమైన ఘట్టం. కాంటర్‌బరీకి ఎవరినైనా వేయమని, అప్పటికి ఇంగ్లండు వచ్చి ఉన్న, నార్మండీలోని బెక్ మఠాధిపతి ఆన్సెల్మ్ తగినవాడని ఎవరో సూచించారు. 'లూకా పవిత్ర ముఖం మీద ఒట్టు, ఆయనా కాడు, ఇంకెవరూ కారు, ఆర్చిబిషప్‌ని నేనే' అన్నాడు రాజు. లూకా అంటే ఇక్కడ ఇటలీలోని ఊరు, ఆ ముఖం అక్కడి క్రీస్తు విగ్రహానిది. ఆ వెంటనే జబ్బు పడ్డాడు. గ్లాస్టర్ తీసుకొచ్చేసరికి ఇక బతకడనే అందరూ అనుకున్నారు. ఈస్టరుకి ముందు క్రైస్తవులు ఉపవాసముండే శ్రమదినాలు మొదలైన వారం అది. మంచం చుట్టూ చేరిన బిషప్‌లు పాపాలు ఒప్పుకోమన్నారు. రాజు హడలిపోయాడు. ఖైదీలను వదిలేస్తానని, బాకీలు మాఫీ చేస్తానని, మంచి చట్టాలు తెస్తానని మాట ఇచ్చాడు, శాసనం రాయించి ముద్ర వేయించాడు. మార్చి 6, ఆదివారం నాడు ఆన్సెల్మ్‌ని ఆర్చిబిషప్‌గా ప్రకటించాడు.

ఆన్సెల్మ్ ఒప్పుకోలేదు. ఇంగ్లండు చర్చి అనే నాగలికి పొగరుబోతు కోడెనీ ముసలి గొర్రెనీ ఒకే కాడికి కడుతున్నారన్నాడు. బిషప్‌లు ఆయన్ని రాజు మంచం దగ్గరికి లాక్కొచ్చారు. అధికార దండం చేతిలో పెట్టబోతే ఆయన పిడికిలి బిగించేశాడు. వేళ్ళు విడదీయబోయారు, నొప్పికి కేక పెట్టాడు. చివరికి మూసిన పిడికిలికే దండాన్ని ఆనించి పట్టుకుని 'బిషప్ వర్ధిల్లాలి' అని అరుస్తూ చర్చికి మోసుకుపోయారు. ఈడ్మర్ ఇదంతా పూసగుచ్చినట్టు రాశాడు.

రాజు కోలుకున్నాడు. కోలుకోగానే మాట తప్పాడు. మిగిలి ఉన్న ఖైదీల మీద కాపలా ఇంకా పెంచాడు, మాఫీ చేసిన బాకీలు మళ్ళీ రాబట్టాడు. ఇకనైనా దేవుడికి నచ్చేలా బతకమని రోచెస్టర్ బిషప్ గండల్ఫ్ చనువుగా చెబితే వచ్చిన జవాబు ప్రసిద్ధం: 'లూకా పవిత్ర ముఖం మీద ఒట్టు, దేవుడు నాకు చేసిన చెడుకి బదులుగా నా దగ్గర్నుంచి మంచి ఎన్నటికీ పొందడు.'

నాస్తికుడనడానికి చాలామంది చూపించేది ఈ మాటనే. నాకు మాత్రం ఇది అటు తిరిగి కనిపిస్తుంది. జబ్బు పంపింది దేవుడేనని ఆయనకి ఏ అనుమానమూ లేదు. తనకు అన్యాయం చేసిన పై దొర మీద ఒక నార్మన్ దొర ఎలా తిరగబడతాడో అలా తిరగబడ్డాడు. దేవుణ్ణి తిట్టేవాడు దేవుడు లేడనుకునేవాడు కాదని నిందాస్తుతి తెలిసిన మనకి ఎవరూ వేరే చెప్పనక్కర్లేదు. అయితే రూఫస్ తిట్టులో స్తుతి లేదు, అచ్చంగా తగాదానే.

ఆ ఒట్టునీ గమనించండి. ఇటలీలోని లూకా నగరంలో, సెయింట్ మార్టిన్ కెథడ్రల్‌లో నిలువెత్తు చెక్క సిలువ ఉంది. నిండు అంగీ తొడుక్కుని, కళ్ళు తెరిచి ఉన్న క్రీస్తు. సిలువ మీది నుంచి దేహాన్ని దించిన నికొదేము దాన్ని చెక్కాడని, ముఖం మాత్రం దేవదూత పూర్తి చేశాడని ఐతిహ్యం. ఉత్తరాది నుంచి రోముకి వెళ్ళే యాత్రికుల దారిలో ఉండే ఊరు కాబట్టి దాని పేరు నార్మన్లకీ పాకింది. ఇప్పుడున్నది తర్వాత చేసిన నకలేమో అనుకునేవాళ్ళు. 2020లో ప్రకటించిన కార్బన్ పరీక్షల్లో ఆ చెక్క 8వ శతాబ్దం చివరి నుంచి 9వ శతాబ్దం మధ్యదని తేలింది. ఆ లెక్కన రూఫస్ కాలానికే దానికి రెండు వందల ఏళ్ళు. దేవుడంటే లెక్కలేనివాడు కోపం వచ్చినప్పుడల్లా క్రీస్తు ముఖం మీదే ఒట్టు పెట్టుకోవడం, పైగా అంత దూరపు విగ్రహాన్ని ఎంచుకోవడం వింతే. దురలవాటు అనవచ్చు, కాదనను. కానీ అది క్రైస్తవుడి దురలవాటు.

ఈడ్మర్ చెప్పిన ఇంకో సంఘటన ఇంతకన్నా పెద్ద చిక్కు. రాజు అడవిలో జింకలను చంపారని సుమారు 50 మంది ఇంగ్లీషువాళ్ళ మీద నేరం మోపారు. వాళ్ళకి అగ్నిపరీక్ష పెట్టారు. దాని పద్ధతి ఇదీ: నిందితుడు ముందు ఉపవాసం ఉండాలి. చర్చిలో పూజ అయ్యాక ఎర్రగా కాలిన ఇనుప కడ్డీని చేత్తో పట్టుకుని తొమ్మిది అడుగులు నడవాలి. కడ్డీ మామూలు కేసుల్లో ఒక పౌను, పెద్ద నేరాలకి మూడు పౌన్ల బరువు. తర్వాత చేతికి గుడ్డ కట్టి సీలు వేస్తారు. మూడో రోజు విప్పి చూస్తారు. పుండు శుభ్రంగా ఉంటే నిర్దోషి, కుళ్ళితే దోషి. చూసి చెప్పేది పూజారులే.

ఈ 50 మంది చేతులూ మూడో రోజు ఏ మచ్చా లేకుండా ఉన్నాయట. సంగతి విన్న రాజు మండిపడ్డాడు. 'ఏమిటిది? దేవుడు న్యాయమైన తీర్పరా? ఇకమీదట అలా నమ్మేవాడు నాశనమైపోను! ఇక నుంచి నా తీర్పుకే జవాబు చెప్పాలి, దేవుడి తీర్పుకి కాదు. అది ఎవరెలా వేడుకుంటే అలా వంగుతోంది.'

వినడానికి ఘోరంగానే ఉంది. కానీ ఆయన పట్టుకున్నది ఎక్కడ? యాభై మందిలో ఒక్కడి చెయ్యి కూడా కాలలేదంటే ఏ రాజుకైనా అనుమానం వస్తుంది. కడ్డీ ఎంత వేడెక్కిందో, గుడ్డ విప్పినప్పుడు ఏం కనిపించిందో పూజారి చేతిలో పని. ఆ పూజారుల్లో చాలామంది ఇంగ్లీషువాళ్ళు, నిందితులూ ఇంగ్లీషువాళ్ళు, అడవి నార్మన్ రాజుది. రూఫస్ కోపం దేవుడి పేరు మీద బయటికొచ్చినా అసలు గురి ఆ పద్ధతి మీద ఉందని నా అంచనా. 1215లో రోములో జరిగిన నాలుగో లాటరన్ మహాసభ ఇలాంటి పరీక్షల్లో పూజారులు పాల్గొనకూడదని నిషేధించింది. దాన్ని ఎవరూ నాస్తికత్వం అనలేదు.

యూదుల కథలు కూడా ఆయన మీద మోపిన అభియోగాల్లో ఉన్నాయి. నార్మండీలోని రువాన్ నగరపు యూదులు కొందరు తమవాళ్ళు క్రైస్తవంలోకి పోయారని మొరపెట్టుకుంటే, డబ్బు తీసుకుని రాజు వాళ్ళని తిరిగి పాత మతంలోకి పొమ్మన్నాడట. ఒక తండ్రి 60 మార్కులు ఇస్తానన్నాడు. స్తెఫను అని పేరు పెట్టుకున్న ఆ కుర్రాణ్ణి రాజు పిలిపించి బెదిరించాడు. వాడు లొంగలేదు సరికదా, క్రైస్తవ రాజువి నువ్వే ఇలా అంటావా అని ఎదురు తిరిగాడు. పని కాలేదు కాబట్టి తండ్రి డబ్బు ఇవ్వనన్నాడు. శ్రమ పడ్డాను కదా అని రాజు సగం, అంటే 30 మార్కులు పుచ్చుకున్నాడు. లండన్‌లో యూదులకీ బిషప్‌లకీ వాదం పెట్టించి, యూదులు గెలిస్తే నేనూ వాళ్ళ మతంలో కలుస్తాను అన్నాడని మామ్స్‌బరీ విలియం రాశాడు.

ఈ రెండు కథల్లోనూ చిన్న మెలికలున్నాయి. రువాన్ కథ చెబుతూ ఈడ్మర్ ఇది తాను విన్నది మాత్రమేననీ, నిజమో కాదో పూచీ పడననీ ముందే చెప్పేశాడు. లండన్ సంగతి రాజు తమాషాకి అని ఉంటాడని మామ్స్‌బరీ విలియమే అన్నాడు. తర్వాతివాళ్ళు ఈ మెలికలు వదిలేసి కథలు మాత్రం తీసుకున్నారు. ఇంకో విషయం ఉంది. 1096లో క్రూసేడుకి బయల్దేరినవాళ్ళు రువాన్‌లో యూదుల మీద పడి చంపారు. బాప్తిస్మం తీసుకున్నవాళ్ళనే వదిలారు. అదే ఏడు నార్మండీ రూఫస్ చేతికి వచ్చింది. కత్తి మెడ మీద పెట్టి మతం మార్చినవాళ్ళని తిరిగి వెళ్ళనివ్వడమే ఆయన చేసింది అయితే, 1097లో జర్మనీ చక్రవర్తి నాలుగో హెన్రీ కూడా తన దేశపు యూదులకి అదే అనుమతి ఇచ్చాడు. డబ్బు తీసుకోవడం రూఫస్ మార్కు.

పోపుతో గొడవ సంగతి క్లుప్తంగా చెబుతాను, ఎందుకంటే అందులో ఆయన నమ్మకం కన్నా తండ్రి నుంచి వచ్చిన వారసత్వమే ఎక్కువ. అప్పట్లో ఇద్దరు పోపులు ఉన్నారు: రెండో అర్బన్, ఆయనకి పోటీగా క్లెమెంట్. రాజు అనుమతి లేకుండా ఇంగ్లండులో ఎవరినీ పోపుగా ఒప్పుకోకూడదన్నది తండ్రి పెట్టిన రివాజు. ఆన్సెల్మ్ మాత్రం అర్బన్‌ని అప్పటికే ఒప్పుకున్నాడు. 1095లో రాకింగ్‌హామ్ కోటలో పంచాయితీ జరిగితే బిషప్‌లలో ఎక్కువమంది రాజు వైపే నిలబడ్డారు. ఆర్చిబిషప్‌కి ఎదురు వాదించిన ముఖ్యుడు డరమ్ బిషప్. ఆర్చిబిషప్‌ని కాదనడానికి వెనక్కి తగ్గింది చర్చి పదవుల్లేని దొరలు! చర్చి అంతా ఒకవైపు, దేవుడంటే భయంలేని రాజు మరోవైపు అన్న బొమ్మ ఇక్కడే చెదిరిపోతుంది. ఆ ఏడే రాజు అర్బన్‌ని పోపుగా ఒప్పుకున్నాడు.

మఠాల మీద హక్కు గురించి అంతకు ముందు ఏడాది హేస్టింగ్స్‌లో జరిగిన సంభాషణలో రాజు ఆలోచన ఇంకా సూటిగా తెలుస్తుంది. ఖాళీగా ఉన్న మఠాలకి అధిపతుల్ని వేయమని ఆన్సెల్మ్ అడిగాడు. 'నీకెందుకు? మఠాలు నావి కావా? నీ ఊళ్ళతో నువ్వు నీ ఇష్టం వచ్చినట్టు చేసుకుంటావు, నా మఠాలతో నేను చేసుకోకూడదా?' 'కాపాడడానికి మీవి, పాడుచేయడానికి కావు. అవి దేవుడివి' అన్నాడు ఆన్సెల్మ్. అప్పుడు వాళ్ళిద్దరూ హేస్టింగ్స్‌లో ఎందుకున్నారంటే నార్మండీకి ఓడ ఎక్కడానికి గాలి కోసం ఎదురుచూస్తూ. ఆ ఖాళీలోనే తండ్రి 1066 యుద్ధరంగంలో కట్టించిన బ్యాటిల్ మఠాన్ని రాజు దగ్గరుండి ప్రతిష్ఠ చేయించాడు. దాన్ని చేయించింది ఆన్సెల్మ్ చేతే.

ఇలాంటివి ఏరుకుంటూ పోతే ఇంకా దొరుకుతాయి. పట్టానికి రాగానే తండ్రి ఆత్మశాంతికి పెద్ద మఠాలకి పది మార్కుల బంగారం, కొన్నిటికి ఆరు, ప్రతి పల్లె చర్చికి 60 పెన్నీలు, ప్రతి జిల్లాలో పేదలకి వంద పౌన్లు పంచాడు. నార్మండీలోని కాన్‌లో తండ్రి సమాధి మీద బంగారం, వెండి, రత్నాల పని చేయించాడు. 1097లో దేశం విడిచిపోతున్న ఆన్సెల్మ్ వెళ్ళే ముందు ఆశీర్వదిస్తానంటే, 'మీ ఆశీర్వాదం వద్దనను' అని తల వంచాడు. పరమ శత్రువు చేత సిలువ గుర్తు వేయించుకున్నాడు. ఇది రాసిందీ ఈడ్మరే. మరో చోట అదే ఈడ్మర్, పరిశుద్ధులెవరూ దేవుడి దగ్గర మనకి సాయపడలేరని రాజు బాహాటంగా అనేవాడని రాశాడు.

ఆ చివరి రాత్రి మాత్రం వేరేలా ఉంది. మామ్స్‌బరీ విలియం ప్రకారం రాజుకి పీడకల వచ్చింది. వైద్యుడు నెత్తురు తీస్తుంటే అది ఆకాశానికి చిమ్మి పగటి వెలుగుని కమ్మేసింది. రాజు 'మరియమ్మా!' అని కేక పెట్టి లేచాడు, దీపం తెమ్మన్నాడు, పనివాళ్ళని గది విడిచి వెళ్ళొద్దన్నాడు. తెల్లారి ఎవరో పరదేశి సన్యాసికి వచ్చిన చెడ్డ కల గురించి చెబితే నవ్వి, 'సన్యాసి కదా, డబ్బు కోసం కలగంటాడు, వంద షిల్లింగులు ఇవ్వండి' అన్నాడు. పగలు వెటకారం, రాత్రి మరియమ్మ. నాకు ఈ మనిషి ఇక్కడే నమ్మదగినట్టు కనిపిస్తాడు.

ఆయన్ని ఇష్టపడిన రచయిత ఒకడున్నాడు, గైమార్. మఠం కోసం కాక ఒక దొరసాని కోసం ఫ్రెంచి పద్యాల్లో రాశాడు. ఆయన కథలో బాణం తగిలిన రాజు పవిత్ర రొట్టె కావాలని మళ్ళీ మళ్ళీ అడుగుతాడు. అడవిలో పూజారి ఎక్కడ? ఒక వేటగాడు పూలతో ఉన్న గడ్డి పరకలు కోసి, అవే ప్రసాదమని తినిపిస్తాడు. ఇది జరిగి ఉండకపోవచ్చు. కానీ ఆ రాజు అలా అడిగి ఉంటాడని అనుకున్నవాళ్ళు ఆ కాలంలోనే ఉన్నారు. మఠాల్లో రాసినవాళ్ళెవరూ దీన్ని రాయలేదు.

శవాన్ని వించెస్టర్ కెథడ్రల్‌లో గోపురం కింద పాతిపెట్టారు. 1107లో ఆ గోపురం కూలింది. దేవుడి తీర్పు అన్నారు జనం. కట్టడం నాసిరకం కాబట్టి ఆయన్ని అక్కడ పాతిపెట్టకపోయినా కూలేదేమో అన్నాడు మామ్స్‌బరీ విలియం. సన్యాసి అయ్యుండీ!

రూఫస్ తర్వాత పట్టమెక్కిన తమ్ముడు హెన్రీ, ఖాళీ పీఠాల రాబడి ముట్టనని పట్టాభిషేకం రోజునే శాసనం రాసిచ్చాడు. ఫ్లాంబార్డ్‌ని ఖైదు చేశాడు, ఆన్సెల్మ్‌ని వెనక్కి పిలిచాడు. 1109లో ఆన్సెల్మ్ చనిపోయాడు. తర్వాత ఐదేళ్ళు, 1114 దాకా, కాంటర్‌బరీ పీఠం మళ్ళీ ఖాళీ. లాన్‌ఫ్రాంక్ తర్వాత రూఫస్ ఉంచిన ఖాళీ కన్నా ఇది ఒక ఏడాది ఎక్కువే. పెళ్ళి బయట హెన్రీకి 20 మందికి పైగా పిల్లలు. 1121లో రెడింగ్‌లో పెద్ద మఠం కట్టించాడు, భూములిచ్చాడు, చివరికి అక్కడే సమాధి అయ్యాడు. ఆయన నమ్మకాన్ని ఆ కాలపు సన్యాసులెవరూ శంకించలేదు.